వెంట్రుకవాసి పని: సిలిండరు బోరు తీసే చేతుల కథ

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం నేను మాట్లాడబోయేది ఒక రంధ్రం గురించి. నవ్వకండి! మనం ఎక్కే కారూ, పొలంలో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజనూ, కరెంటు పోతే గుడగుడలాడే జనరేటరూ అన్నీ ఒక గుండ్రటి రంధ్రం మీద ఆధారపడి బతుకుతున్నాయి. ఆ రంధ్రాన్నే సిలిండరు బోరు అంటారు. అందులో పిస్టను కిందకీ పైకీ ఆడుతుంది. పిస్టను చుట్టూ గాజుల్లా రింగులుంటాయి. లోపల మండిన గాలి పక్కల నుంచి జారిపోకుండా ఆపేవి అవే. చాలా ఇంజన్లలో ఆ రంధ్రానికి లోపల విడిగా ఒక ఇనప గొట్టం తొడుగుతారు. దాని పేరు లైనరు. అరిగినప్పుడు ఇంజను మొత్తం పారెయ్యకుండా ఆ గొట్టాన్ని బాగు చేసుకోవచ్చు, లేదా మార్చుకోవచ్చు.

పొగ గొట్టంలోంచి నీలం పొగ వస్తూ, ఆయిలు తాగేస్తూ, ఎంత తిప్పినా స్టార్టవని ఇంజన్ని చూసి మనవైపు మెకానిక్కులు ఒకటే మాట అంటారు: "బోరుకొచ్చిందండీ." అంటే లోపలి రంధ్రం అరిగిపోయింది, మళ్ళీ తొలిచి నున్న చెయ్యాలి అని. అక్కడి నుంచి మొదలవుతుంది అసలు తిప్పలు. ఆ పని ఎవరు చేస్తారు? ఎవరి చేతిలో పెడితే ఇంజను బతుకుతుంది?

ఇది ఈనాటి ప్రశ్న కాదు. రెండున్నర శతాబ్దాల కిందట, ఇప్పుడు మనం కాపురముంటున్న ఈ బ్రిటన్‌లోనే, ఇదే ప్రశ్న ఒక పెద్దమనిషిని ఏళ్ళ తరబడి తిప్పింది. ఆయన పేరు జేమ్స్ వాట్.

వాట్ అనగానే మనకు బళ్ళో చెప్పిన కథ గుర్తొస్తుంది. పొయ్యి మీద కెటిలు, ఎగిరెగిరి పడే మూత, దాన్ని చూస్తున్న కుర్రాడు, ఆవిరి యంత్రం పుట్టింది, అంతే! పరీక్షలో రెండు మార్కులు. నిజానికి వాట్ పుట్టింది 1736లో. అంతకు చాలా ముందే, 1712లోనే థామస్ న్యూకామెన్ అనే ఆయన గనుల్లో నీళ్ళు తోడే ఆవిరి యంత్రాన్ని నడిపించాడు. వాట్ చేసింది దాన్ని బాగు చెయ్యడం. అదేమీ చిన్న పని కాదు.

న్యూకామెన్ యంత్రంలో సిలిండరు నిండా ఆవిరి పట్టించి, ఆ సిలిండర్లోనే చన్నీళ్ళు చిమ్మేవారు. ఆవిరి నీరుగా మారి లోపల శూన్యం ఏర్పడేది. బయటి గాలి బరువుకి పిస్టను కిందకు దిగేది. మళ్ళీ ఆవిరి పట్టాలంటే చల్లబడ్డ సిలిండరును ముందు వేడెక్కించాలి. అంటే వంటయిన ప్రతిసారీ పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించి మళ్ళీ రాజేసినట్టు! బొగ్గు బండ్ల కొద్దీ తగలబడేది. ఆవిరిని వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లార్చితే సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కదా అన్న ఊహ వాట్‌కి 1765లో తట్టింది. 1769లో పేటెంటు కూడా వచ్చింది. కానీ మొదటి రెండు యంత్రాలు నిలబడి పని మొదలు పెట్టింది 1776లో. ఊహ పుట్టి పదకొండేళ్ళు! మధ్యలో ఏం జరిగింది?

చాలా జరిగింది. డబ్బుల్లేవు. బతుకుతెరువు కోసం కాలవల సర్వేలు చేశాడు. 1773లో భార్య పోయింది. పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ దివాలా తీశాడు. అయితే ఇవన్నీ ఒక ఎత్తు, రంధ్రం ఒక్కటీ ఒక ఎత్తు.

న్యూకామెన్ యంత్రంలో సిలిండరు కాస్త వంకరగా ఉన్నా నడిచేది. పిస్టను అంచుకి తోలు చుట్టి, పైన నీళ్ళు నిలవ పోసేవారు. సందుల్ని ఆ నీళ్ళే మూసేవి. వాట్ యంత్రంలో ఆ ఉపాయం చెల్లదు. సిలిండరు వేడిగా ఉండాలి కదా! పైన పోసిన నీళ్ళు సందులోంచి కారితే లోపల ఆవిరైపోయి శూన్యాన్ని చెడగొడతాయి. అంచేత పిస్టనూ సిలిండరూ ఒకదానికొకటి సరిగ్గా అతకాలి. గుడ్డపీలికలు, నార, పాత టోపీల ఫెల్టు, కాగితపు గుజ్జు ఇలా దొరికినవన్నీ కుక్కి చూశాడు వాట్. వంకర రంధ్రానికి ఎన్ని కుక్కితే మాత్రం ఏం లాభం?

తగరపు రేకు పనిలో తనకు సాయపడుతున్న ముసలి పనివాడు చనిపోయినప్పుడు వాట్ ఎంత కుంగిపోయాడో ఆయన ఉత్తరాల్లో కనిపిస్తుంది. పేటెంటు పోయినందుకు కాదు, అప్పు పుట్టనందుకు కాదు, ఒక పనివాడు పోయినందుకు! ఆ దిగులు ఎలాంటిదో, ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క మంచి మేస్త్రీ పోయినప్పుడు ఇల్లు సగంలో ఆగిన వాళ్ళకు తెలుస్తుంది.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఇంజనీర్లందరికీ పెద్ద జాన్ స్మీటన్. వాట్ యంత్రాన్ని చూసి ఆయన అన్నది ఏమిటంటే, ఊహ గొప్పదే గానీ ఇంత ఖచ్చితంగా తయారు చెయ్యగల పనిముట్లూ లేవు, పనివాళ్ళూ లేరు అని. అసూయతో అన్న మాట కాదది. స్మీటన్ స్వయంగా స్కాట్లండులోని కారన్ ఇనప కార్ఖానా కోసం సిలిండర్లు తొలిచే యంత్రాన్ని రూపొందించినవాడు. దాని లోటుపాట్లు ఆయనకే బాగా తెలుసు.

ఆ లోటు ఏమిటో చెబుతాను. పాత పద్ధతిలో ఒక పొడవాటి ఇరుసు చివర కత్తులు బిగించి, దాన్ని సిలిండరు లోపలికి తోసేవారు. ఇరుసుకి ఆనుడు ఒక పక్కనే ఉంటుంది. రెండో చివర గాలిలో వేలాడుతుంది, లేదా సిలిండరు లోపలే ఏదో చిన్న బండి మీద దొర్లుతుంది. పోత పోసినప్పుడు రంధ్రం ఎటు వంకర పోయిందో, కత్తి కూడా ఆ వంకర వెంటే పోతుంది. దున్నేటప్పుడు నాగలి పాత చాలులోకే జారినట్టు. లోపలంతా గీకుడు పడుతుంది, నున్నగా కనిపిస్తుంది, కానీ వంకర వంకరగానే మిగులుతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు జాన్ విల్కిన్సన్. ఇనప పోతల వ్యాపారి. వేల్సులో, రెక్సమ్ ఊరి పక్కన బెర్షమ్ అనే చోట ఆయన కార్ఖానా. 1774 జనవరిలో ఫిరంగి గొట్టాలు తొలిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు సిలిండర్ల కోసం మరో యంత్రం కట్టాడు. ఫిరంగికి ఒక చివర మూసి ఉంటుంది, సిలిండరుకి రెండు చివరలా తెరిచే ఉంటుంది. ఆ తేడానే ఆయన వాడుకున్నాడు. లావుపాటి ఇరుసును సిలిండరు గుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చి, బయట రెండు వైపులా గట్టి దిమ్మల మీద ఆన్చాడు. మన బావి గిలక ఇరుసు రెండు గుంజల మీద నిలబడినట్టన్నమాట. సిలిండరు కదలదు. నీటి చక్రం ఇరుసును తిప్పుతుంది. ఇరుసు మీద కత్తుల తల మెల్లగా ఒక చివర నుంచి రెండో చివరకు జరుగుతుంది. ఇప్పుడు కత్తికి దారి చూపించేది పోత వంకర కాదు, ఇరుసు. ఇరుసు తిన్నగా ఉంటే రంధ్రం కూడా తిన్నగా వస్తుంది.

బర్మింగ్‌హామ్ వ్యాపారి మాథ్యూ బోల్టన్ అప్పటికే వాట్‌తో జత కట్టాడు. టిప్టన్ దగ్గర బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గు గని కోసం 50 అంగుళాల సిలిండరు విల్కిన్సన్ దగ్గర తొలిపించారు. అది ఎక్కడా ఒక పాత షిల్లింగు నాణెం మందానికి మించి తేడా రాలేదని బోల్టన్ సంబరంగా రాసుకున్నాడు. నాణెం మందం అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. మనిషి లోపల నిలబడగలిగేంత వెడల్పులో మిల్లీమీటరు తేడా! 1776 మార్చి 8న ఆ యంత్రం జనం ముందు నడిచింది. అదే ఏడు రెండో యంత్రం విల్కిన్సన్ సొంత ఇనప కొలిమికే గాలి ఊదింది.

కాబట్టి కెటిల్ మూత కథలో ఒక మనిషి తక్కువయ్యాడు. ఊహ వాట్‌ది, పెట్టుబడి బోల్టన్‌ది, రంధ్రం విల్కిన్సన్‌ది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు బోల్టన్ అండ్ వాట్ యంత్రాల సిలిండర్లు దాదాపు అన్నీ విల్కిన్సన్ దగ్గరే తయారయ్యాయి. అంటే దేశంలో ఎవరు యంత్రం కొనుక్కున్నా చివరికి ఆయన గుమ్మం తొక్కాల్సిందే. వాట్ కంపెనీ ఆదాయమేమో మరో విధంగా ఉండేది. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో లెక్క కట్టి, ఆ మిగులులో మూడో వంతు వసూలు చేసేవారు. విల్కిన్సన్ తక్కువ తిన్నవాడేమీ కాదు. చెప్పకుండా లోపాయికారీగా కొన్ని యంత్రాలు చేసి అమ్ముకున్నాడు. 1795 ప్రాంతంలో అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చి, ఆ గుట్టు తమ్ముడు విలియమే బయటపెట్టాడు. ఇంటిగుట్టు లంకకు చేటు! బోల్టనూ వాటూ ఇక అతని మీద ఆధారపడకూడదని 1796లో స్మెథిక్‌లో సొంత సోహో ఫౌండ్రీ తెరిచారు.

వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఉంటున్న శ్రోతలకు ఈ పేర్లన్నీ ఇంటి పక్క పేర్లే. హ్యాండ్స్‌వర్త్‌లో కూరగాయలూ కంది పప్పూ కొనుక్కోవడానికి వెళ్తాం కదా, అక్కడే బోల్టన్ నివసించిన సోహో హౌస్ ఉంది, ఇప్పుడు మ్యూజియం. బర్మింగ్‌హామ్ థింక్‌టాంక్ మ్యూజియంలో స్మెథిక్ ఇంజను ఉంది. 1779లో కట్టారు, 1891 దాకా కాలవకు నీళ్ళు తోడింది. ఊరి నడిబొడ్డున బోల్టన్, వాట్, మర్డాక్ ముగ్గురి బంగారు రంగు విగ్రహాలున్నాయి. 2011లో వచ్చి 2022 సెప్టెంబరు 30తో చెల్లుబాటు ముగిసిన 50 పౌండ్ల నోటు మీద బోల్టనూ వాటూ పక్కపక్కన ఉండేవారు. వీటిలో విల్కిన్సన్ బొమ్మ వెతికితే దొరకదు. ఆయనకా లోటు పెద్దగా లేదనుకోండి, తన బొమ్మతో తనే నాణేలు వేయించుకున్నాడు, ఇనప శవపేటికలో పాతిపెట్టించుకున్నాడు! కానీ బెర్షమ్‌లో నీటి చక్రం పక్కన నిలబడి, కత్తి ఎప్పుడు మొద్దుబారిందో చప్పుడు బట్టి పసిగట్టి, ఇరుసు ఆపి మళ్ళీ పదును పెట్టిన పనివాళ్ళున్నారే, వాళ్ళ బొమ్మలు నాణేల మీదా లేవు, నోట్ల మీదా లేవు.

ఇక అక్కడి నుంచి మన ఆయిల్ ఇంజను దగ్గరికి వద్దాం. ఆవిరి యంత్రంలో పిస్టను మెల్లగా కదులుతుంది, నాణెం మందం తేడా ఉన్నా నార కుక్కి నడిపించవచ్చు. ఇంజను లోపలే నూనె మండించే కాలం వచ్చేసరికి ఆ లెక్క చెల్లలేదు. ముఖ్యంగా డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకోవాలి. బోరు అరిగి గాలి పక్కల నుంచి జారిపోతే వేడి పుట్టదు, ఇంజను పలకదు. షిల్లింగు మందం నుంచి లెక్క వెంట్రుకవాసికి దిగింది. తెలుగులో వెంట్రుకవాసి అని ఎంత తేలిగ్గా అంటామో గానీ, లేత్ షాపులో అది చాలా పెద్ద కొలత. మన తల వెంట్రుక మందం ఇంచుమించు అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. ఒక్కొక్క వంతును "థౌ" అంటారు. మంచి బోరు పనివాడు వెంట్రుకను నిలువునా మూడుగా చీల్చి, అందులో ఒక ముక్క తేడా వచ్చినా పెదవి విరుస్తాడు.

మోటారు కార్లు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. కారు సిలిండర్ల గోడలు పల్చన. కత్తి ఒత్తిడికే అవి వంగుతాయి. 1905లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ ఊళ్ళో జేమ్స్ హీల్డ్ అనే ఆయన దీనికి సానరాయితో జవాబు చెప్పాడు. బరువైన సిలిండరు దిమ్మ కదలకుండా ఉంటుంది. తన చుట్టూ తాను తిరిగే సానరాయి, రంధ్రం లోపల గుండ్రంగా ప్రదక్షిణం చేస్తూ అరగదీస్తుంది. ఆ తర్వాత హోనింగ్ వచ్చింది. సన్నటి సానరాళ్ళను ఒక కడ్డీ చుట్టూ బిగించి, లోపల తిప్పుతూ పైకీ కిందకీ ఆడించడం. 1924లో సెయింట్ లూయీలో జోసెఫ్ సన్నెన్ మొదలుపెట్టిన కంపెనీ ఈ హోనింగ్ పనిముట్లతోనే పేరు తెచ్చుకుంది.

హోనింగ్ గురించి చెప్పేటప్పుడు ఒక విచిత్రం చెప్పాలి. లైనరు లోపల అద్దంలా మెరుస్తుంటే బాగుందని అనుకుంటాం కదా! కాదు, అది జబ్బు. మరీ నున్నటి గోడ మీద ఆయిలు నిలవదు, కొత్త రింగులు గోడకు సర్దుకోవు. బరువు లేకుండా గంటల తరబడి ఊరికే తిరిగే జనరేటర్లకు ఈ జబ్బు తొందరగా పడుతుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. హోనింగ్ చేసినప్పుడు రాళ్ళు తిరుగుతూ పైకీ కిందకీ పోతాయి గనుక, గోడ మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు పడతాయి. చాప అల్లికలా ఉంటాయి. ఆ గీతల్లో ఆయిలు దాక్కుంటుంది. పిస్టను వచ్చిపోయిన ప్రతిసారీ కాస్త తడి అందుతుంది.

మన అమ్మమ్మలకు ఈ సూత్రం బాగా తెలుసు. తిరగలి నున్నబడితే పిండి పడదు. రోలు నున్నబడితే పచ్చడి జారుతుంది తప్ప నలగదు. అప్పుడు ఉలీ సుత్తీ పట్టుకుని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు, రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు కొడతామని. అరుగు మీద కూర్చుని టకటకా కొట్టి, చేత్తో తడిమి చూసి, గుప్పెడు ఏదో వేసి విసిరి చూపించి వెళ్ళేవారు. లైనరుకి హోనింగ్ పట్టేవాడు అచ్చంగా ఆ పనే చేస్తున్నాడు. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటే: పని చేసే ముఖానికి నునుపూ కావాలి, గరుకూ కావాలి, రెండూ పాళ్ళలో ఉండాలి.

ఇప్పుడు మన డెల్టాకి వద్దాం. 1900ల తొలి ఏళ్ళలో మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్, బావుల మీద ఆయిల్ ఇంజనూ పంపూ పెట్టించే ప్రయత్నాలు మొదలుపెట్టాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. పొలాలకూ రైసు మిల్లులకూ ఆ తరం ఇంజన్లు ఓడల మీద ఇంగ్లండు నుంచే రావాలి. లింకన్‌లో రస్టన్, మాంచెస్టర్‌లో క్రాస్లీ, గ్లాస్టర్‌షైర్‌లోని డర్స్‌లీలో లిస్టర్. ఇంజను ఓడలో వస్తుంది సరే. అరిగితే? డర్స్‌లీకి తిరిగి పంపుతామా? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దిగుమతులు సన్నగిల్లాక కొత్త లైనరు దొరకడం మరీ కష్టమైంది. అప్పుడు దిక్కు, ఊళ్ళో లేతు పట్టగలవాడు.

యుద్ధం అయ్యాక 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. రాజ్‌కోట్ కార్ఖానాల్లో లిస్టర్ నమూనా ఇంజన్లే తయారై పల్లెపల్లెకూ చేరాయి. వాటితో పాటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బోరింగ్ షాపులు, లేత్ షాపులు వరసలు వరసలుగా వెలిశాయి.

మా పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్నప్పుడు నేను చూసిన లేతు మేస్త్రీల్లో చాలామంది కొలిమి దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు. తాత నాగలి కర్రు చరిస్తే, తండ్రి బండి చక్రాలకు పట్టాలు వేస్తే, కొడుకు లేతు ఎక్కాడు. వేసవిలో మిల్లు ఆపి ఇంజను విప్పినప్పుడు మేస్త్రీ వచ్చేవాడు. ముందు గోటితో బోరు పైఅంచు దగ్గర తడిమేవాడు. అక్కడ గట్టులా గోటికి తగులుతుంది. పిస్టను పైకి వచ్చి ఒక్క క్షణం ఆగి వెనక్కు మళ్ళే చోటు అది. వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, ఆయిలు తక్కువ. అందుకే అక్కడ అరుగుడు ఎక్కువ. రింగు అందని పైఅంచు మాత్రం అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. తర్వాత పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారీ నిలువుగా ఒకసారీ కొలిచేవాడు. పిస్టను పక్కకు ఒత్తుకునే వైపు ఎక్కువ అరిగి రంధ్రం కోడిగుడ్డులా అయిందేమో చూసేవాడు. ఆరు అంకెలు సిగరెట్ పెట్టె వెనకాల రాసుకుని, అప్పుడు చెప్పేవాడు: హోనింగ్ సరిపోతుందా, ఇరవై థౌ పెద్ద పిస్టను తెప్పించి బోరు వెయ్యాలా, లేక లైనరే మార్చాలా అని. ఆ మాటకు మిల్లు షావుకారు కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

ఈ చరిత్రంతా ఎందుకు తవ్వుతున్నానంటే, రెండేళ్ళ కిందట మా మిత్రులం ముగ్గురం కలిసి ఇక్కడ ఒక పాత లిస్టర్ ఇంజను కొన్నాం. పిల్లలకు మిల్లు చప్పుడు వినిపించాలని మా సరదా. విప్పి చూస్తే లైనరు అరిగి ఉంది. అక్కడి నుంచి మా ప్రదక్షిణాలు మొదలయ్యాయి. ఒక చోట, ఒక్క సిలిండరు పని మేం ముట్టుకోమన్నారు. ఇంకో చోట, ఆ మిషను అమ్మేసి చాలా కాలమైందన్నారు. మరో షాపువాళ్ళు తీసుకున్నారు గానీ కొలవకుండానే హోనింగ్ పట్టి ఇచ్చారు. చూడ్డానికి లోపలంతా కొత్త గీతలే, కొలిస్తే మాత్రం కోడిగుడ్డు కోడిగుడ్డులాగే ఉంది. స్మీటన్ నాటి జబ్బు ఇదే కదా అనిపించింది, నున్నటి వంకర!

చివరికి డడ్లీ అవతల ఒక పెద్దాయన దొరికాడు. డెబ్భై దాటాయి. ఇంటి వెనక షెడ్డులో పాత బోరింగ్ మిషను. పదిహేనేళ్ళప్పుడు అప్రెంటిసుగా చేరాడట. మేం లైనరు బల్ల మీద పెట్టగానే ఆయన దాని వైపు చూడలేదు. "పిస్టను ఏదీ?" అన్నాడు. తేలేదంటే, తెచ్చాకే మాట్లాడదాం అన్నాడు. ఆ రాత్రి ఆటోనగర్లో బోరింగ్ షాపు నడిపిన మా మేనమామకు ఫోన్ చేశాను. నేనింకా సంగతి చెప్పనే లేదు, "ఒరే, పిస్టను చేతిలో పెట్టకుండా ఎవణ్ణీ బోరు వెయ్యనివ్వకు. పుస్తకంలో సైజుకి కాదు, పిస్టను సైజుకి వెయ్యాలి," అన్నాడు ఆయన. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పాఠం ఒకటే చదువుకున్నారు.

పని అయ్యాక పెద్దాయన లైనరును వేడి నీళ్ళూ సబ్బూ పెట్టి బ్రష్షుతో తోమాడు. కిరసనాయిలుతో తుడిస్తే చాలదా అని అడిగాను. రాతి పొడి గీతల్లో ఇరుక్కుంటుంది, కిరసనాయిలు దాన్ని బయటకు లాగదు, రింగుల్ని అదే తినేస్తుంది అని చెప్పి, తెల్ల గుడ్డ పెట్టి లోపల తుడిచి చూపించాడు. గుడ్డకు బూడిద రంగు అంటింది. మళ్ళీ తోమాడు. నాలుగోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. వెంటనే ఆయిలు పూశాడు, లేకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది. మీ దగ్గర ఎవరైనా నేర్చుకుంటున్నారా అని అడిగితే తల అడ్డంగా ఆడించాడు. మా మేనమామ పరిస్థితీ అంతే. ఆయన కొడుకులిద్దరూ సాఫ్ట్‌వేరే. షాపు అద్దెకిచ్చేశారు.

దీన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. లేతు దగ్గర రోజుకు పన్నెండు గంటలు నిలబడి, ఇనప రజను పీల్చి, పిల్లల్ని చదివించుకున్నది వాళ్ళు ఆ పని చెయ్యక్కర్లేకుండా ఉండాలనే. మనలో ఎంతోమంది విమానం ఎక్కింది అలాంటి చేతుల సంపాదనతోనే. కానీ పని వదిలెయ్యడం వేరు, పనిలో ఉన్న తెలివిని కూడా పారెయ్యడం వేరు. గోటితో గట్టును పట్టుకోవడం, చప్పుడు విని కత్తి మొద్దుబారిందని చెప్పడం, పిస్టను చూడకుండా బోరు వెయ్యకపోవడం, ఇవేవీ ఎవరూ పూర్తిగా కాగితం మీద పెట్టలేదు. చేతి నుంచి చేతికి వచ్చాయి. మధ్యలో ఒక్క చెయ్యి తప్పితే ఏమవుతుందో వాట్ తన తగరపు పనివాడు పోయినప్పుడే చూశాడు.

మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. షాపు బోర్డు చూసి కాదు, అడిగే ప్రశ్నలు చూసి పనివాణ్ణి ఎంచుకోండి. కొలవకుండా రేటు చెప్పేవాడికి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఎన్ని చోట్ల కొలిచాడో, ఏ అంకెలు వచ్చాయో రాసిమ్మనండి. పిస్టనూ రింగులూ వెంట తీసుకెళ్ళండి. పాత ఇంజన్ల ప్రదర్శనలు వేసవిలో చాలా ఊళ్ళలో జరుగుతాయి, అక్కడ బెంచీల మీద కూర్చున్న పెద్దవాళ్ళను అడిగితే, ఎక్కడ వెతికినా దొరకని షెడ్డు చిరునామా దొరుకుతుంది.

ఇంకో మాట. మీ నాన్నగారో, మేనమామో, తాతగారో ఎప్పుడైనా లేతు పట్టినవారైతే, మిల్లులో ఇంజను చూసుకున్నవారైతే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం, వాతావరణం అయ్యాక ఆ పని గురించి అడగండి. ఏ ఇంజను, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదటిసారి పాడు చేసిన లైనరు ఎవరిది అని అడగండి. రికార్డు చేసి పెట్టుకోండి. మొదట మొహమాటపడతారు, "దానిదేముందిలే" అంటారు. రెండో ప్రశ్నకు మొదలుపెడితే ఇక ఆగరు. మా మేనమామతో నాకు ఇప్పటికి పదకొండు గంటల రికార్డింగు అయింది. ఇంకా ఆయన బోరింగ్ దాటి క్రాంకు షాఫ్టు దగ్గరికి రాలేదు!